ఎక్స్‌వీ6లో ఖాళీ కోర్‌ని పడుకోబెట్టి, పని రాగానే లేపడం: ప్రాజెక్టు డైరీ

ఎంఐటీ వాళ్లు పాఠాల కోసం రాసుకున్న ఎక్స్‌వీ6 ఆపరేటింగ్ సిస్టమ్‌లో పనిలేని కోర్‌ని (ప్రాసెసర్‌లో ప్రోగ్రాములు నడిపే ఒక్కో భాగాన్ని) నిద్రపుచ్చి, పని రాగానే లేపేట్టు మార్చాను. కోడ్ చూస్తే మొత్తం కలిపి నూట ముప్పై లైన్లు కూడా లేదు. పట్టింది మాత్రం అయిదు వారాంతాలు. అందులో ఎక్కువ భాగం నేను పెట్టిన తప్పుల్ని నేనే వెతుక్కోవడానికి పోయింది. ఎవరైనా ఇదే పని మొదలుపెడితే ఆ తప్పులు మళ్లీ చేయకూడదని రాస్తున్నా.

సరంజామా:

1. క్యూఎములో (ఇంకో కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) నడిచే రిస్క్‌-ఫైవ్ (ఒక రకం ప్రాసెసర్) ఎక్స్‌వీ6, 2023 నాటి కోడ్. 2024లో టైమర్ పద్ధతి మార్చేశారు కాబట్టి కొత్త కోడ్ మీద దశ 4, దశ 5 ఇలాగే పనిచేయవు.
2. నాలుగు థ్రెడ్ల పాత లాప్‌టాప్, ఉబుంటు.
3. జీడీబీ (నడుస్తున్న కోడ్‌ని ఆపి చూసే సాధనం), టాప్ కమాండ్ (సీపీయూ వాడకం చూపేది), ఫోన్‌లో స్టాప్‌వాచ్.
4. ఒక నోటుపుస్తకం. ఇది లేకపోతే దశ 4 తేలేది కాదు.

రిస్క్‌-ఫైవ్ వాళ్లు హార్డ్‌వేర్ థ్రెడ్‌ని హార్ట్ అంటారు, ఇక్కడ కోర్‌కొకటే అనుకోండి. చదివేటప్పుడు గుండె గుర్తొస్తుంది కాబట్టి నేను కోర్ అనే రాస్తాను.

దశ 1: మార్చకముందు కొలతలు

ఏ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఎప్పుడు నడవాలో తేల్చే ఎక్స్‌వీ6 షెడ్యూలర్ చాలా సాదా మనిషి. ప్రాసెస్‌ల పట్టికలో 64 గదులుంటాయి. ప్రతి కోరూ మొదటి గది నుంచి చివరి గది దాకా ఒక్కోదానికి తాళం వేసి, లోపల నడవడానికి సిద్ధంగా ఉన్న ప్రాసెస్ ఉందా అని చూస్తుంది. ఉంటే నడుపుతుంది. ఒక్కటీ లేకపోతే మళ్లీ మొదటి నుంచి చూస్తుంది. మళ్లీ, మళ్లీ. ఆగడం అనేది లేదు.

మూడు కోర్లతో బూట్ చేసి, షెల్ ప్రాంప్ట్ దగ్గర ఏమీ కొట్టకుండా వదిలేశాను. టాప్‌లో క్యూఎము 300 శాతం చూపించింది. అంటే ఏ పనీ లేకుండా మూడు కోర్లూ పూర్తి స్పీడులో తిరుగుతున్నాయి.

ఆ ఆదివారం నెల్లూరు మూలాపేటలో మా ఇంట్లో కరెంటు లేక, కోవూరు వైపు రైస్‌మిల్లులో కాటా చూసుకునే మా బాబాయ్ దగ్గర కూర్చున్నాను. ఏప్రిల్ ఎండ, లాప్‌టాప్ ఫ్యాన్ మోత. బయట వడ్ల లారీలు ఆరో ఏడో కాటా కోసం నిలబడి ఉన్నాయి. బాబాయ్ వచ్చి స్క్రీన్ చూశాడు.

"ఏందిరా, ఏం లెక్కలేస్తుండాది ఇది?"

"ఏం లేదు బాబాయ్. ఖాళీగా ఉంది."

"ఖాళీగా ఉంటే ఇంత రొదేంది? ఆ లారీలోళ్లు చూడు, ఇంజన్ ఆపి చెట్టు కింద పడుకోనుండారు. నీదేమో ఆన్‌లో పెట్టి నిలబెట్టినట్టుండాదే."

స్పిన్ వెయిటింగ్‌కి, అంటే ఊరికే తిరుగుతూ ఎదురుచూడడానికి, ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

రెండో కొలత, లేచే ఆలస్యం. చిన్న పరీక్ష ప్రోగ్రామ్ రాశాను. పిల్ల ప్రాసెస్ పైపు (ఒక ప్రాసెస్ నుంచి ఇంకోదానికి డేటా పంపే దారి) మీద చదవడానికి కూర్చుని నిద్రలో ఉంటుంది. తల్లి ప్రాసెస్ ఆ క్షణపు టైము పైపులో రాసి, ఆ తర్వాత ఎవరికీ చోటివ్వకుండా 300 మిల్లీసెకన్లు ఊరికే లూపులో తిరుగుతుంది. పిల్ల లేచి టైము చూసుకుంటుంది. రెండు టైముల తేడాయే ఆలస్యం. 500 సార్లు.

ఇక్కడే మొదటి పొరపాటు. క్యూఎములో ఆ గడియారం సెకనుకి కోటి సార్లు కొట్టుకుంటుంది, అంటే ఒక్కో అంకె 100 నానోసెకన్లు. నేను మైక్రోసెకను అనుకుని లెక్కేశాను. పుట్టి అంటే మా నెల్లూరు వైపు 850 కిలోలు. ఆ మాట పట్టుకుని వేరే జిల్లాకి పోయి బేరమాడితే లెక్క తప్పుతుంది. అలాగే అయింది, అన్ని అంకెలూ పదింతలు వచ్చాయి. సరిచేశాక ఆలస్యం మధ్యస్థం (అన్నీ వరసగా పేరిస్తే నడిమి అంకె) 41 మైక్రోసెకన్లు.

ఇప్పటిదాకా: 6 గంటలు. పానిక్‌లు (తప్పు దొరికి సిస్టమ్ తనే ఆగిపోవడాలు) 0. ఖాళీ సీపీయూ 300 శాతం. ఆలస్యం 41 మైక్రోసెకన్లు.

దశ 2: పడుకోబెట్టడం

రిస్క్‌-ఫైవ్‌లో డబ్ల్యూఎఫ్‌ఐ అని ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది. ఇంటరప్ట్ (కీబోర్డో టైమరో కోర్‌కి పంపే పిలుపు) వచ్చేదాకా కోర్‌ని ఆపుతుంది. షెడ్యూలర్‌లో 64 గదులూ చూశాక ఏమీ దొరక్కపోతే డబ్ల్యూఎఫ్‌ఐ. ఒక్క లైను. టాప్‌లో 300 కాస్తా 4 శాతానికి పడింది, ఫ్యాన్ ఆగింది. గంటలో పని అయిపోయిందనుకున్నా.

రెండు రోజుల తర్వాత గమనించాను. షెల్‌లో టైపు చేస్తుంటే ఎప్పుడో ఒకసారి అక్షరం కాస్త ఆగి పడుతోంది. వందలో ఒకటి కూడా ఉండదు. లాప్‌టాప్ పాతది కదా అని వదిలేయొచ్చు, వదిలేయబోయాను కూడా.

కారణం ఇది. కోర్ 64 గదులూ చూసింది, ఏమీ లేదు. ఇక డబ్ల్యూఎఫ్‌ఐ చేయబోతోంది. సరిగ్గా ఆ సందులో కీబోర్డ్ ఇంటరప్ట్ వచ్చింది. కోర్ దాన్ని చూసుకుని షెల్‌ని సిద్ధం అని గుర్తుపెట్టి వెనక్కి వచ్చింది. వచ్చి ఏం చేస్తుంది? ఆపేసిన చోటి నుంచే మొదలుపెడుతుంది, అంటే పడుకుంటుంది. సిద్ధంగా ఉన్న షెల్ ఎదురుగా ఉండగానే నిద్ర. మళ్లీ లేచేది టైమర్ కొట్టినప్పుడు. టైమర్ సెకనుకి పదిసార్లు, కాబట్టి 100 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం.

ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి ఆ సందునే వెడల్పు చేశాను. గదులు చూడడానికీ డబ్ల్యూఎఫ్‌ఐకీ మధ్య కావాలనే కొన్ని మిల్లీసెకన్లు తిరిగే లూపు పెట్టాను. ఇప్పుడు నత్తి ప్రతి పదిహేను ఇరవై అక్షరాలకీ వచ్చింది. అరుదుగా వచ్చే తప్పుని పట్టాలంటే ఎదురుచూస్తూ కూర్చోకండి, సందు వెడల్పు చేయండి. ఈ పద్ధతి తర్వాత మూడుసార్లు ఆదుకుంది.

మందు:

1. గదులు చూడడానికి ముందే ఇంటరప్ట్‌లు ఆపేయాలి.
2. గదులు చూడాలి.
3. ఏమీ లేకపోతే, ఇంటరప్ట్‌లు ఆపి ఉండగానే డబ్ల్యూఎఫ్‌ఐ చేయాలి.
4. లేచాక ఇంటరప్ట్‌లు తెరవాలి.

మూడో అంకె చూసి నాకు భయమేసింది. ఇంటరప్ట్‌లు ఆపి పడుకుంటే లేపేదెవరు? కానీ స్పెసిఫికేషన్ స్పష్టంగా ఉంది. మొత్తం ఇంటరప్ట్‌ల స్విచ్ ఆఫ్‌లో ఉన్నా, విడిగా అనుమతించిన ఇంటరప్ట్ ఏదైనా పెండింగ్‌లో ఉంటే డబ్ల్యూఎఫ్‌ఐ లేస్తుంది. హ్యాండ్లర్‌లోకి మాత్రం స్విచ్ తెరిచాకే పోతుంది. అచ్చం ఈ సందు మూయడానికే అలా పెట్టారు.

ఇప్పటిదాకా: 15 గంటలు. పానిక్‌లు 2, రెండూ నేను తాళం వదలకుండా రిటర్న్ అయినవి. ఖాళీ సీపీయూ 4 శాతం.

దశ 3: కరెంటు మిగిలింది, ఆలస్యం పెరిగింది

ఆలస్యం పరీక్ష మళ్లీ నడిపాను. 11 మిల్లీసెకన్లు వచ్చింది. అయిదొందల సార్లూ దాదాపు అదే అంకె. 41 మైక్రోసెకన్ల నుంచి ఇంత పెరగడం సరే, కారణం తెలుస్తూనే ఉంది: తల్లి ప్రాసెస్ పిల్లని సిద్ధం అని గుర్తుపెట్టింది గానీ, పక్క కోర్లు రెండూ నిద్రలో ఉన్నాయి. వాటికి చెప్పేవాళ్లు లేరు. వాటి టైమర్ కొట్టాక గానీ లేచి చూడవు. కానీ అలాంటప్పుడు ఆలస్యం సున్నా నుంచి 100 దాకా ఎటుపడితే అటు చెల్లాచెదురుగా ఉండాలి. అన్నీ 11 ఎందుకున్నాయి?

తప్పు పరీక్షలో ఉంది. నా లూపు 300 మిల్లీసెకన్లు, టైమరు 100 మిల్లీసెకన్లు. రెండూ కలిసి అడుగులేస్తున్నాయి. ప్రతిసారీ టైమర్ కొట్టడానికి 11 మిల్లీసెకన్ల ముందే రాస్తున్నాను. లూపు పొడవు ప్రతిసారీ మారేలా చేశాక అసలు బొమ్మ కనిపించింది: మధ్యస్థం 48 మిల్లీసెకన్లు, గరిష్ఠం 100కి కాస్త తక్కువ. మొదటి కోడ్ కంటే వెయ్యి రెట్లు పైనే.

మూల కోడ్ రాసినవాళ్లు కోర్లని ఊరికే తిప్పుతూ ఉంచారని దశ 1లో మనసులో తిట్టుకున్నాను. ఆ తిట్టు ఇక్కడ వెనక్కి తీసుకున్నా. తిరుగుతున్న కోర్‌కి ఎవరూ ఏదీ చెప్పక్కర్లేదు, అదే చూసుకుంటుంది. పడుకున్నదాన్ని లేపడానికి మాత్రం ఇంకొకరు ఉండాలి.

దశ 4: లేపడం, అది చెడగొట్టిన గడియారం

ఒక కోర్ ఇంకో కోర్‌కి పంపే ఇంటరప్ట్‌ని ఐపీఐ అంటారు. లైనక్స్‌లోనూ ఇదే జరుగుతుంది. మీ లైనక్స్ మెషీన్‌లో ప్రాక్ ఫోల్డర్ కింద ఇంటరప్ట్స్ ఫైలు తెరిస్తే, ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో అడుగున రీషెడ్యూలింగ్ ఇంటరప్ట్స్ అనే వరస కనిపిస్తుంది, కోర్‌కొక అంకె.

రిస్క్‌-ఫైవ్‌లో క్లింట్ అనే పరికరంలో ప్రతి కోర్‌కీ ఒక రిజిస్టర్ ఉంటుంది. దాంట్లో 1 రాస్తే ఆ కోర్‌కి మెషిన్ మోడ్‌లో (అన్నిటికంటే పై అధికారపు మెట్టు) సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్ వస్తుంది. ఎక్స్‌వీ6 కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు భాగం) దానికంటే కింది మెట్టు అయిన సూపర్‌వైజర్ మోడ్‌లో నడుస్తుంది. కాబట్టి మెషిన్ మోడ్‌లో ఉన్న చిన్న అసెంబ్లీ ముక్క, టైమర్ కోసం రాసింది, దాన్ని అందుకుని కిందికి పంపాలి.

పడ్డ దెబ్బలు వరసగా:

1. 1 రాయగానే పానిక్, కారణం నంబరు 15. అంటే రాతలో పేజ్ ఫాల్ట్. 2023 కోడ్‌లో క్లింట్ చిరునామా కెర్నల్ పేజ్ టేబుల్‌లో (ఏ చిరునామాలు వాడొచ్చో చెప్పే పట్టిక) లేదు. ఒక మ్యాపింగ్ లైను కలిపాను.

2. పానిక్ పోయింది, కానీ ఏమీ జరగలేదు. మెషిన్ మోడ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్‌ని అనుమతించే బిట్, కుడి నుంచి నాలుగోది, పెట్టడం మర్చిపోయాను.

3. అది పెట్టగానే మొత్తం బిగుసుకుపోయింది. జీడీబీతో చూస్తే ఆ కోర్ ఎప్పుడు చూసినా అసెంబ్లీ ముక్కలోనే ఉంది. క్లింట్‌లో రాసిన 1ని ఎవరూ చెరపడం లేదు. బయటికి రాగానే మళ్లీ లోపలికి.

4. చెరపడం కలిపాను. పనిచేసింది. ఆలస్యం మధ్యస్థం 90 మైక్రోసెకన్ల దగ్గరికి దిగింది. గడియారం చెడిందేమో చూద్దామని, ఆలస్యం పరీక్ష నడుస్తుండగానే వంద టిక్కులు (టైమర్ ఒక్కసారి కొడితే ఒక టిక్కు), అంటే పది సెకన్లు, నిద్రపోయే ప్రోగ్రామ్ నడిపి స్టాప్‌వాచ్ పెట్టాను. సరిగ్గా పది సెకన్లు.

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మర్నాడు ఇంకో పరీక్ష నడిపాను, రెండు ప్రాసెస్‌లు పైపులో బంతి విసురుకున్నట్టు 2,000 రౌండ్లు. అది నడుస్తుండగా పది సెకన్ల నిద్ర ప్రోగ్రామ్ ఒక్క సెకనులోపే ముగిసింది. బంతాట అయిపోయాక పది టిక్కులు నిద్రపొమ్మంటే, అంటే ఒక్క సెకను, రెండు నిమిషాల పైనే లేవలేదు. తర్వాత ఏమీ జరగనట్టు మామూలైపోయింది.

మొదట గడియారం పరిగెత్తడం, ఆ తర్వాత చచ్చినట్టు పడి ఉండడం. రెండు వేర్వేరు తప్పులనుకుని ఒక శనివారం మొత్తం పోగొట్టుకున్నాను. టెన్షన్‌లో ప్రింట్‌లు పెట్టుకుంటూ పోయాను. ప్రింట్ పెట్టిన ప్రతిసారీ వేళలు మారి తప్పు రూపం మారేది. చివరికి ప్రింట్‌లు అన్నీ తీసేసి, ఒక్కో కోర్‌కి ఎన్ని ఐపీఐలు అందాయో లెక్కపెట్టే కౌంటర్ మాత్రం ఉంచాను. బంతాట ముగిసేసరికి సున్నా నంబరు కోర్‌కి 1,312. నోటుపుస్తకంలో దాని పక్కనే స్టాప్‌వాచ్ అంకె ఉంది, రెండు నిమిషాల పది సెకన్లు. 1,312ని ఒక్కోటి 100 మిల్లీసెకన్ల చొప్పున వేస్తే 131 సెకన్లు. అప్పుడు వెలిగింది.

ఆ అసెంబ్లీ ముక్క టైమర్ కోసమే రాసింది. దాంట్లోకి ఎవరొచ్చినా టైమరే వచ్చిందనుకుని రెండు పనులు చేస్తుంది. ఒకటి, తర్వాతి టైమర్ వేళని 100 మిల్లీసెకన్లు ముందుకి జరుపుతుంది. రెండు, కింది కెర్నల్‌కి కబురు పంపుతుంది. కింద కెర్నల్ కూడా టైమరే అనుకుని, సున్నా నంబరు కోర్ అయితే టిక్కు ఒకటి పెంచుతుంది. ఐపీఐ వచ్చిన ప్రతిసారీ ఒక దొంగ టిక్కు కలుస్తోంది, ఒక నిజం టిక్కు వెనక్కి పోతోంది. సెకనుకి పదికంటే తక్కువ ఐపీఐలు ఉన్నంతకాలం కూడికా తీసివేతా సరిపోయి గడియారం నిజమే చెబుతుంది! నా ఆలస్యం పరీక్ష సెకనుకి మూడే పంపుతుంది, అందుకే పది సెకన్లకి పది సెకన్లు. ఒక తప్పు ఇంకో తప్పుని కప్పెట్టింది. బంతాటలో ఐపీఐలు వరదలా వచ్చేసరికి దొంగ టిక్కులు పరిగెత్తాయి, నిజం టైమర్ రెండు నిమిషాల అవతలికి పోయి కూర్చుంది.

సరిచేసిన వరస:

1. అసెంబ్లీలో కారణం నంబరు చూడాలి. 7 అయితే టైమర్, 3 అయితే ఐపీఐ. వేళ జరపడం 7కి మాత్రమే.
2. కింది కెర్నల్‌కి కబురు పంపే బిట్ ఒక్కటే ఉంది, టైమర్‌కీ ఐపీఐకీ కలిపి. కాబట్టి టైమర్ వచ్చినప్పుడు మాత్రం ఆ కోర్ స్క్రాచ్ స్థలంలో (అసెంబ్లీ ముక్క వాడుకునే చిన్న మెమరీ) విడిగా ఒక గుర్తు రాయాలి. దానికి స్క్రాచ్‌లో ఒక గది పెంచాలి.
3. కెర్నల్‌లో ఆ గుర్తు ఉంటేనే టిక్కు పెంచాలి, నడుస్తున్న ప్రాసెస్‌ని దింపాలి. లేకపోతే ఊరికే తిరిగి రావాలి.
4. ముందు కబురు బిట్ చెరపాలి, ఆ తర్వాతే గుర్తు చదవాలి.

నాలుగో దాన్ని మొదట తలకిందులు చేశాను. గుర్తు చదివి, బిట్ చెరిపే సందులో టైమర్ కొడితే, ఆ కొత్త కబురుని కూడా చెరిపేస్తున్నాను. ఆ గుర్తు తర్వాతి టిక్కుతో కలిసిపోయి రెండూ ఒక్కటిగా లెక్కకొస్తాయి. దశ 2లో చూసిన సందే ఇది, వేరే చొక్కా వేసుకొచ్చింది. ఈసారి సందు వెడల్పు చేసి అరగంటలో పట్టేశాను.

ఇప్పటిదాకా: 41 గంటలు. పానిక్‌లు 9. బిగుసుకుపోవడాలు లెక్కపెట్టలేదు.

దశ 5: ఎవరిని లేపాలి

నిద్రలో ఉన్న కోర్లందరికీ ఐపీఐ పంపడం సులువు. కానీ ఒక్క ప్రాసెస్ సిద్ధమైతే ఇద్దరు లేచి, ఒకే తాళం కోసం తోసుకుని, ఓడినవాడు మళ్లీ పడుకుంటాడు. అందుకని ఎవరెవరు ఖాళీయో చెప్పే బిట్‌ల వరస ఒకటి పెట్టాను. లేపేవాడు అందులోంచి ఒక బిట్‌ని అటామిక్‌గా, అంటే మధ్యలో ఇంకెవరూ దూరలేనట్టు, చెరిపి, ఆ ఒక్కడికే పంపుతాడు. ఇద్దరు లేపేవాళ్లు వస్తే చెరో కోర్‌ని లేపుతారు.

మధ్యస్థం బాగానే ఉంది. కానీ అయిదొందలలో మూడు సార్లు ఆలస్యం 60, 80, 93 మిల్లీసెకన్లు. ఇలాంటి పరీక్షల్లో సగటు చూడకండి, మధ్యస్థం కూడా చాలదు, గరిష్ఠం చూడండి. 93 వచ్చిందంటే ఎక్కడో ఎవరో టైమర్ కోసం ఆగారన్నమాట.

నా కోడ్‌లో కోర్ మొదట గదులు చూసి, ఏమీ లేకపోతే ఖాళీ బిట్ పెట్టుకుని, పడుకునేది. ఈ వరసలో తప్పేంటో చూస్తూనే ఉన్నా కనిపించలేదు. అది పట్టించింది మళ్లీ బాబాయ్ కాటా గదే. మధ్యాహ్నం ఒక డ్రైవర్ వచ్చి గొడవ: ఇందాక చూస్తే కాటా మీద లారీ ఉంది, సరేనని టీ తాగి వచ్చి చీటీ ఇద్దామనుకున్నాడు, ఈలోపు తన వెనకవాడు కాటా ఎక్కేశాడు. బాబాయ్ గొంతు పెంచలేదు.

"ముందు చీటీ నా దగ్గర పడెయ్. తర్వాత కాటా ఖాళీ ఉండాదేమో ఓసారి తొంగి చూసుకో. లేకపోతే అప్పుడు పోయి పడుకో, నేను పిలిపిస్తా. ముందు చూసి, తీరిగ్గా వచ్చి చీటీ ఇస్తానంటే ఎట్ట? మధ్యలో ఖాళీ అయితే నువ్వుండావని నాకేం తెలుసు?"

నేను లాప్‌టాప్ తెరిచి రెండు లైన్ల స్థానం మార్చాను. ముందు ఖాళీ బిట్, తర్వాత గదులు చూడడం, ఆ తర్వాత డబ్ల్యూఎఫ్‌ఐ. లేపేవాడి వైపు దీనికి అద్దంలా ఉండాలి: ముందు ప్రాసెస్‌ని సిద్ధం అనాలి, తర్వాత బిట్‌లు చూడాలి. గదులు చూసేటప్పుడు పని దొరికితే కోర్ తన బిట్ తనే చెరుపుకోవాలి. అది మర్చిపోతే పనిలో ఉన్నవాడికి ఐపీఐలు పోతాయి, నష్టం తక్కువే గానీ అంకెలు పాడవుతాయి. లైన్ల మధ్య మెమరీ బ్యారియర్ (రాయడం, చదవడం వరస తప్పకుండా చూసేది) కూడా పెట్టాను. గదుల తాళాలే ఆ పని చేస్తాయి నిజానికి, కానీ రేపు ఎవరైనా ఆ తాళాలు తీసేస్తే అని ఉంచేశాను.

నిజానికి ఎక్స్‌వీ6లో ప్రాసెస్‌లు నిద్రపోయే స్లీప్ ఫంక్షన్‌లో ఈ జాగ్రత్త మొదటి నుంచీ ఉంది. అది ముందు ప్రాసెస్ తాళం పట్టుకుని, ఆ తర్వాతే బయటి తాళం వదులుతుంది. లేపేవాడికి ఆ ప్రాసెస్ తాళం కావాలి కాబట్టి మధ్యలో దూరలేడు. దాన్ని మూడుసార్లు చదివి కూడా, కోర్‌కి అదే సూత్రం వర్తిస్తుందని నాకు తట్టలేదు.

దశ 6: కోర్‌కొక క్యూ, వదిలేశాను

64 గదులూ అందరూ వెతకడం ఎందుకు, కోర్‌కొక క్యూ పెట్టి, ఖాళీ అయినవాడు పక్కవాడి క్యూలోంచి తీసుకుంటే పోలేదా అని మొదలుపెట్టాను. ఒకటో కోర్ తన తాళం పట్టుకుని రెండోదాని తాళం అడిగింది, రెండోది తనది పట్టుకుని ఒకటోదాన్ని అడిగింది. డెడ్‌లాక్. చిన్న నంబరు తాళం ముందు అనే నియమం పెడితే పోయింది. కొలిస్తే ఆలస్యంలో తేడా నాలుగైదు మైక్రోసెకన్లు, అది కూడా ఒక్కోసారి అటు, ఒక్కోసారి ఇటు. వేలకొద్దీ ప్రాసెస్‌లు ఉండే లైనక్స్‌కి కోర్‌కొక క్యూ కావాలి. 64 గదులకి అక్కర్లేదు. మొత్తం తీసేశాను. ఆరు గంటలు వృథా.

చివరి లెక్క, ఒక్కో వరస 500 సార్లు, మూడు కోర్లు:

మూల కోడ్: ఖాళీ సీపీయూ 300 శాతం, ఆలస్యం మధ్యస్థం 41 మైక్రోసెకన్లు.
డబ్ల్యూఎఫ్‌ఐ మాత్రమే: 4 శాతం, 48 మిల్లీసెకన్లు.
ఐపీఐ, బిట్‌ల వరస తప్పు: 4 శాతం, 92 మైక్రోసెకన్లు, గరిష్ఠం 93 మిల్లీసెకన్లు.
ఐపీఐ, వరస సరిచేశాక: 4 శాతం, 92 మైక్రోసెకన్లు, గరిష్ఠం 1 మిల్లీసెకను లోపు.

మొత్తం 58 గంటలు, పానిక్‌లు 11. ఎక్స్‌వీ6తో వచ్చే పరీక్షల ప్రోగ్రామ్ యూజర్‌టెస్ట్స్‌ని ఒక కోర్‌తో, మూడు కోర్లతో, ఎనిమిదితో నడిపాను, పాసయ్యాయి. ఎనిమిదితో చాలాసేపు పడుతుంది, నా లాప్‌టాప్‌లో ఉన్నవి నాలుగు థ్రెడ్లే కదా. ఒక కోర్‌తో నడపడం మర్చిపోకండి. అప్పుడు లేపడానికి వేరే ఎవరూ ఉండరు, ఖాళీ బిట్‌ల వరస సున్నాగా ఉన్న దారి అప్పుడే బాగా పరీక్షకి వస్తుంది. నా పదకొండో పానిక్ అక్కడిదే.

మిగిలిన 4 శాతంలో కొంత, నిద్రపోతున్న కోర్లు కూడా సెకనుకి పదిసార్లు టైమర్‌కి లేచి చూడడం వల్ల. సున్నా నంబరు తప్ప మిగతావాటికి ఖాళీగా ఉన్నప్పుడు టైమర్ ఆపేయొచ్చు. కానీ లేపడంలో ఇంకెక్కడైనా తప్పు దాగి ఉంటే ఇప్పుడు దాని ఖరీదు 100 మిల్లీసెకన్లు. టైమర్ తీసేస్తే అదే తప్పుకి కోర్ ఇక లేవదు. ప్రస్తుతానికి దాన్ని అలాగే ఉంచాను.